షాబ్లీ: పెతీ నుంచి గ్రాండ్ క్రూ దాకా ధర ఎందుకంత పెరుగుతుంది? నేల, మంచు, పీపాలు తెలిసినవాళ్లు చెప్పండి

ఉప్పుటేరు
షాబ్లీ ఫ్రాన్స్ తెల్ల వైన్, కింది నుంచి పైకి నాలుగు మెట్లు: పెతీ షాబ్లీ, మామూలు షాబ్లీ, ప్రెమియే క్రూ, గ్రాండ్ క్రూ. లండన్ షాపుల్లో పెతీ షాబ్లీకీ గ్రాండ్ క్రూకీ మధ్య ధర నాలుగైదు రెట్లు తేడా ఉంటోంది. రెండూ షార్డొనే ద్రాక్షే, రెండూ ఒకే ఊరి చుట్టుపక్కలవే. ఆ తేడా సీసాలో నిజంగా ఉంటుందా, లేక లేబుల్‌కే ఇస్తున్నామా? "ఆల్చిప్పల నేల వల్ల ఆ రుచి" అని ప్రతి షాపువాడూ చెప్పే మాట కాకుండా, కొనేవాడికి పనికొచ్చేలా చెప్పండి.

కొండవాలు
ముందు మ్యాపు దగ్గర పెట్టుకోండి. షాబ్లీ బుర్గుండీ అనే పెద్ద వైన్ ప్రాంతం కిందే లెక్క. అయినా బుర్గుండీ నడిబొడ్డున ఉన్న బోన్ పట్నానికి వంద కిలోమీటర్లకు పైగా వాయవ్యంలో, యోన్ జిల్లాలో, ఓసేర్ పట్నానికి తూర్పున ఉంటుంది. షాంపేన్ వాళ్ల దక్షిణపు తోటలు దీనికి బోన్ కంటే దగ్గర. ఊరి మధ్యలోంచి సెరాన్ అనే చిన్న ఏరు పారుతుంది. ఏటికి కుడిగట్టు, ఎడమగట్టు అనే లెక్క గుర్తుంటే సగం లేబుళ్లు వాటంతటవే అర్థమవుతాయి.

గ్రాండ్ క్రూ మొత్తం ఊరికి ఈశాన్యాన, కుడిగట్టున ఒకే కొండ మీద ఉంది. నైరుతి ముఖం, అంతా కలిపి వంద హెక్టార్ల చిల్లర. దానిలో ఏడు ముక్కలు: బ్లాంషో, లె క్లో, వాల్ముర్, గ్రెనూయ్, వోదెజీర్, ప్రూజ్, బూగ్రో. లె క్లో పెద్దది, గ్రెనూయ్ చిన్నది. లా మూతోన్ అని ఎనిమిదో పేరు కనిపిస్తే కంగారు పడకండి. అది వోదెజీర్, ప్రూజ్ రెండింట్లో పడే 2.35 హెక్టార్ల మడి, ఒకే యజమానిది.

ఆ నైరుతి ముఖానికే మీరు డబ్బు కట్టేది. ఇంత ఉత్తరాన కాయ పండడమే కష్టం. మధ్యాహ్నం ఎండ నిటారుగా తగిలే వాలు మీద కాయ నిండుగా పండుతుంది, పైనున్న పీఠభూమి మీద అరకొరగా పండుతుంది. పెతీ షాబ్లీ చాలావరకు ఆ పీఠభూమిదే: గాలి ఎక్కువ, మట్టి పలచన, రాయి గట్టి.

సున్నపురాయి
కొండవాలు గారు ముఖం గురించి చెప్పారు, నేను నేల గురించి చెప్తాను. వాలు మీద ఉండేది కిమ్మెరిడ్జియన్ పొర, వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. సున్నం కలిసిన బూడిదరంగు బంకమన్ను, మధ్యమధ్యలో సున్నపురాయి పలకలు. రాయి చేతిలోకి తీసుకుంటే చిటికెనవేలి గోరంత ఆల్చిప్పలు, కామా ఆకారంలో, వందలకొద్దీ అతుక్కుని కనిపిస్తాయి. కొండ నెత్తిన ఉండేది దానికంటే కుర్ర వయసు పోర్ట్‌లాండియన్ సున్నపురాయి. గట్టిది, బంకమన్ను తక్కువ. ఆ గట్టి టోపీ ఉండబట్టే కింద మెత్తటి వాలు కోసుకుపోకుండా నిలిచింది.

1970ల దాకా గొడవంతా ఇదే: కిమ్మెరిడ్జియన్ మీద పండితేనే షాబ్లీ అనాలని ఒక వర్గం, ఎండా వాలూ సరిగ్గా ఉంటే చాలని ఇంకో వర్గం. ఆ దశాబ్దంలో నియమం సడలింది, తోటలు బాగా పెరిగాయి. 1950లలో ఐదువందల హెక్టార్ల స్థాయికి పడిపోయిన ప్రాంతం ఇవాళ ఐదువేలు దాటింది. అందుకే మామూలు "షాబ్లీ" అన్న పేరు కింద ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్న సీసాలు దొరుకుతాయి.

పీపాల_పంతులు
నేల లెక్క సరేగానీ, ఆల్చిప్పల రాయి మీద పండితే గ్లాసులో ఆల్చిప్ప రుచి వస్తుందన్న మాట మాత్రం నేనొప్పుకోను. వేరు పీల్చుకునేది నీళ్లలో కరిగిన లవణాలను. అవి వైన్‌లోకి చేరే మోతాదులో నాలుకకు తెలియవు, సున్నపురాయికి వాసనా లేదు. మనం "రాయి వాసన", "ఉప్పుగాలి" అంటున్నది ఎక్కువగా మూడింటి కలయిక: బలమైన పులుపు, పండు వాసన తగ్గి ఉండటం, అగ్గిపుల్ల గీసినట్టుండే కొన్ని గంధక సమ్మేళనాలు. ఆ మూడోది కొంత, పులిశాక అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీద వైన్‌ను ఉంచడం వల్ల వస్తుంది.

సున్నపురాయి
పంతులు గారూ, లవణం నేరుగా రుచి ఇస్తుందని నేనూ అనలేదు. బంకమన్ను నీళ్లు పట్టి ఉంచుతుంది, సున్నపురాయి పగుళ్లు మిగులు నీటిని దించేస్తాయి. ఎండాకాలంలో తీగ ఎండిపోదు, వానాకాలంలో వేళ్లు కుళ్లవు, కాయ నిదానంగా పండి పులుపు నిలుపుకుంటుంది. నేల పని అక్కడే కనిపిస్తుంది. అదే రైతు, అదే ఏడాది, అదే ట్యాంకు, అయినా పీఠభూమి కాయకీ వాలు కాయకీ తేడా వస్తోందంటే దాన్ని గంధకం మీదికి నెట్టలేం కదా.

పీపాల_పంతులు
నీటి లెక్కయితే ఒప్పుకుంటా. దాన్ని నమిలే ఉప్పుగా అమ్మేవాళ్లతోనే నా పేచీ.

నల్లరేగడి
ఒక చిన్న చేర్పు. ఇంత సున్నం ఉన్న నేలలో అంటు మొక్కకు కింద వేరుభాగం సరిగ్గా ఎంచుకోకపోతే ఆకులు పసుపు పడతాయి, ఇనుము అందక. ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారితే అదే. అందుకే సున్నం బాగా తట్టుకునే 41బి రకాన్ని ఇక్కడా షాంపేన్‌లోనూ ఎక్కువ వాడారు. మన దగ్గర తోటల్లో డాగ్‌రిడ్జ్ అనే వేరురకం మీద అంటు కట్టేది ఉప్పునీళ్లు, నీటి ఎద్దడి తట్టుకోవడానికి. అక్కడి సమస్య వేరు, అంటూ వేరు.

ఉప్పుటేరు
ధర పెరగడానికి మంచు కూడా కారణమని చదివాను. ఏప్రిల్‌లో పొలాల్లో కొవ్వొత్తులు వెలిగించిన ఫొటోలు ప్రతి ఏడూ వస్తాయి. అవి నిజంగా పనిచేస్తాయా?

తీగమడి
పనిచేస్తాయి, కానీ అన్ని రాత్రులూ కాదు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

షార్డొనే తొందరగా చిగురిస్తుంది. మొగ్గ మూసుకుని ఉన్నంతకాలం గట్టి చలినే తట్టుకుంటుంది. ఆకు విచ్చుకున్నాక మైనస్ 2 చాలు, నల్లబడిపోతుంది. తడి ఆకైతే ఇంకా ముందే. మొదటి చిగురు పోతే పక్కమొగ్గ లేస్తుంది గానీ దానికి గెలలు తక్కువ. ప్రమాద కాలం ఏప్రిల్ మొదటి వారం నుంచి మే నడుమ వరకు.

కొవ్వొత్తులంటే పారఫిన్ మైనం పోసిన రేకు డబ్బాలు. హెక్టారుకు 300 నుంచి 400, అంటే ఒక్కో డబ్బాకు సుమారు ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చోటు. ముందు ఒకటి విడిచి ఒకటి వెలిగిస్తారు, ఉష్ణోగ్రత ఇంకా జారితే మిగతావి. అన్నీ ఒకేసారి పెద్ద మంటలా వెలిగిస్తే వేడి, పైనున్న వెచ్చటి గాలి పొరను చీల్చుకుని పైకి పోతుంది. చిన్న మంటలు, ఎక్కువ చోట్ల, అదీ సూత్రం. ఒక డబ్బా ఒక రాత్రికి సరిపోతుంది. వరసగా మూడు రాత్రులు మంచు పడితే ఖర్చు మీరే ఊహించుకోండి. మామూలు షాబ్లీ తోటలో చాలామంది వెలిగించరు, లెక్క కుదరదు. గ్రాండ్ క్రూ, ప్రెమియే క్రూ తోటల్లోనే అది గిట్టుబాటు.

రెండోది నీళ్లు చల్లడం. వినేవాళ్లకు వింతగా ఉంటుంది: చలి రాత్రి మొక్క మీద నీళ్లు పోయడమేంటి అని. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 క్యాలరీల వేడి వదులుతుంది. గడ్డ కట్టడం ఆగకుండా సాగుతున్నంతసేపూ మంచు పెంకులో ఉన్న మొగ్గ సున్నా దగ్గరే ఉంటుంది, కిందికి పోదు. గంటకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, అంటే హెక్టారుకు గంటకు 30 నుంచి 40 ఘనమీటర్లు. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే హెక్టారుకు మూడు లక్షల లీటర్లు. ఏట్లో నీళ్లు చాలవని బేన్ ఊరి దగ్గర దీనికోసమే చెరువు తవ్వుకున్నారు. ఫూర్షోమ్ అనే ప్రెమియే క్రూ వైపు తోటలకూ కొన్ని గ్రాండ్ క్రూ మడులకూ పైపులు పాతి ఉన్నాయి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే:

మొదలుపెట్టే వేళ. గాలి 1.5 డిగ్రీలున్నా తేమ 60 శాతమే ఉంటే తడి బల్బు థర్మామీటరు (బల్బుకు తడిగుడ్డ చుట్టినది) మైనస్ 1 దగ్గర ఉంటుంది. అప్పుడు చల్లిన తొలి నీళ్లు ఆవిరై మొగ్గను ఇంకా చల్లబరుస్తాయి. నీరు ఆవిరయ్యేటప్పుడు లాగే వేడి, గడ్డకట్టేటప్పుడు వదిలేదానికి ఏడున్నర రెట్లు. అందుకని మామూలు థర్మామీటరు చూసి కాదు, తడి బల్బు సున్నాకు దిగకముందే పంపు వేయాలి.

ఆపే వేళ. సూర్యుడు రాగానే ఆపితే పోయింది. మంచు పెంకు లోపల నీళ్లు కదులుతూ, ముట్టుకుంటే పెంకు దానంతటదే ఊడే దాకా నడవాలి.

పంపు ఆగిపోవడం. రాత్రి మూడింటికి డీజిల్ అయిపోయినా, నాజిల్ గడ్డకట్టినా, అసలు నీళ్లు చల్లకుండా వదిలేసిన తోట కంటే చల్లిన తోటే ఎక్కువ నష్టపోతుంది. తడిసిన మొగ్గ కాబట్టి. మనిషి రాత్రంతా వరసల్లో తిరుగుతూ నాజిళ్లు తట్టాలి.

గాలి. చినుకులు పక్కకు పోతాయి, ఒక వరస బతుకుతుంది, పక్క వరస పోతుంది.

కొండవాలు
దీనికి తోడు రెండు రకాల మంచు ఉంటుందని చెప్పాలి. ఆకాశం తేటగా, గాలి లేని రాత్రి నేల వేడి పైకి పోయి చల్లగాలి లోయలో చేరుతుంది, పదిమీటర్ల పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఈ రకానికి పెద్ద ఫ్యాన్లూ కొవ్వొత్తులూ బాగా పనిచేస్తాయి. ఉత్తరం నుంచి చలిగాలి ప్రవాహంలా వచ్చి పడితే పైన వెచ్చటి పొరే ఉండదు, ఫ్యాను చల్లగాలినే తిప్పుతుంది. 2021 ఏప్రిల్‌లో అంత దెబ్బ తగలడానికి కారణం అదే, వాలు పైభాగాలు కూడా తప్పించుకోలేదు. 2016లో మంచూ వడగళ్లూ రెండూ, 2017లో మళ్లీ మంచు. 2024 మే 1న వడగళ్లు, ఆ తర్వాత వానలకు ఆకుల మీద బూజు తెగులు. వడగళ్లకు కొవ్వొత్తీ లేదు, నీళ్లూ లేవు.

నల్లరేగడి
ఖర్చు లేని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కత్తిరింపు మార్చి దాకా వాయిదా వేస్తే చిగురు కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. కొమ్మను ఇనుప తీగకు వంచి కట్టడం కూడా ఆపి ఉంచుతారు. నిలబడి ఉన్న కొమ్మ కొనన ముందు చిగురు వస్తుంది, అది పోయినా కొమ్మ మొదలు దగ్గరి మొగ్గలు మిగులుతాయి. వరసల మధ్య గడ్డి నున్నగా కోయాలి. పొడుగు గడ్డి నేల వేడిని పైకి రానివ్వదు. ఏప్రిల్‌లో కొత్తగా దున్నకూడదు. బిగిసిన తడినేల పగటి వేడి దాచుకుంటుంది, గుల్ల నేల దాచుకోదు.

ఉప్పుటేరు
ఇంత వివరం అనుకోలేదు, థాంక్స్ అండీ. ఇక తయారీ. పీపా వాడినదా కాదా అని లేబుల్ చూసి ఎలా తెలుస్తుంది?

పీపాల_పంతులు
లేబుల్ చూసి తెలియదు. తయారీదారు పేరు చూసి తెలుసుకోవాలి.

ఈ ఊరి పాత పీపా ఫోయెత్, 132 లీటర్లది. బుర్గుండీలో మిగతాచోట్ల 228 లీటర్లది. ఇవాళ ఎక్కువ వైన్ స్టీల్ ట్యాంకుల్లోనే. లూయీ మిషెల్ వాళ్లు గ్రాండ్ క్రూ సైతం ఓక్ చెక్క పీపా తగలకుండా చేస్తారు. రావెనో, దోవిసా వాళ్లు పీపా వాడతారు, కానీ ఎక్కువగా పాతవి. వనిల్లా వాసన ఇవ్వడానికి కాదు, గాలి కొద్దికొద్దిగా తగలడానికి. ఈ రెండు రకాల్లో ఏది "అసలు షాబ్లీ" అని వాదించడం కాలక్షేపం. కొత్త ఓక్ వాసన ముందుకొచ్చి పులుపును కప్పేస్తే మాత్రం అది షాబ్లీ అని చెప్పడానికి ఏం మిగలదు, ఆ డబ్బుతో బోన్ పక్క ఊరి తెల్ల వైన్ మెర్సో కొనుక్కోవచ్చు.

ప్రక్రియ స్థూలంగా: కాయ వచ్చిన వెంటనే గాలి తిత్తి ప్రెస్సులో మెల్లగా పిండుతారు, రసాన్ని ఒక రాత్రి చల్లగా ఉంచి మురికి దింపుతారు. పూర్తి తేటగా దించితే ఈస్ట్‌కు తిండి చాలక పులియడం మధ్యలో ఆగిపోతుంది, మురికి ఎక్కువ ఉంటే కుళ్లు వాసన పుడుతుంది. పులియడం 16 నుంచి 20 డిగ్రీల మధ్య. ఆ తర్వాత పచ్చి యాపిల్ పులుపు పాల పులుపుగా మారే రెండో దశ. షాబ్లీలో దాదాపు అందరూ దాన్ని పూర్తి కానిస్తారు. ఇది తెలియక "షాబ్లీ అంత పదునుగా ఉందంటే ఆ దశ ఆపేసి ఉంటారు" అని చాలామంది రాస్తుంటారు. ఆపకపోయినా ఆ పదును ఉంటుంది, మొదట్లో పులుపు అంత ఎక్కువ.

చల్లగదిలో
కొనేవాళ్లకు నా వంతు.

ప్రెమియే క్రూ పేర్లు నలభై ఉన్నాయి, గుర్తుపెట్టుకోవక్కర్లేదు. పెద్ద పేరు కింద చిన్న మడులు దాక్కుని ఉంటాయి. వాయోన్ కింద లె లీ, సెషే, బ్యూనో, రోన్సియేర్. మోన్‌మాన్ కింద ఫొరే, బ్యూతో. ఫూర్షోమ్ కింద వోలొరాన్, లోమ్ మోర్. మోంతే ద తోనెర్ కింద షాప్లో. రైతు చిన్న పేరైనా వేసుకోవచ్చు, పెద్ద పేరైనా.

కుడిగట్టు ప్రెమియే క్రూలు నిండుగా, ఎడమగట్టువి సన్నగా, పదునుగా ఉంటాయి అనేది మోటు లెక్కే అయినా పనికొస్తుంది. డబ్బుకు తగ్గ సీసా కావాలంటే నా ఓటు మోంతే ద తోనెర్‌కి. చిన్న లోయకు అటు బ్లాంషో, ఇటు ఇది. వోలొరాన్ ప్రూజ్ పక్కనే ఉంటుంది. రెండూ గ్రాండ్ క్రూ దరిదాపుల్లోకి వచ్చి, ధరలో బాగా కింద ఆగుతాయి. ఉప్పుటేరు గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే: మామూలు షాబ్లీ నుంచి మంచి ప్రెమియే క్రూకి ఎక్కితే తేడా ఖర్చుకు తగ్గట్టు కనిపిస్తుంది. అక్కణ్నుంచి గ్రాండ్ క్రూకి కట్టేది ఎనిమిది, పదేళ్లు దాచగలిగితేనే తిరిగొస్తుంది. రెండేళ్ల గ్రాండ్ క్రూ మూసిన తలుపే.

పెద్ద ఖర్చు వద్దంటే 1923లో మొదలైన సహకార సంఘం లా షాబ్లీజియెన్ సీసాలు చూడండి. ప్రాంతపు ద్రాక్షలో పెద్ద వాటా వాళ్ల చేతికే వస్తుంది.

ఏళ్ల విషయం: 2018, 2020 వెచ్చనివి, పండు ముందుకొస్తుంది. 2014, 2017 నాకు పాతతరం రుచి. 2021 సన్నగా, పులుపుగా ఉంటుంది. కొందరికి అదే ఇష్టం.

ఉప్పుటేరు
అమెరికాలో చెంబంత సీసాల్లో "కాలిఫోర్నియా షాబ్లీ" అని చవగ్గా దొరుకుతుంది, అదేంటి?

చల్లగదిలో
దానికీ ఈ ఊరికీ సంబంధం లేదు. తెల్ల వైన్‌కు మామూలు పేరుగా వాడేసుకున్నారు, షార్డొనే ఉండాలని కూడా లేదు. ఇలాంటి పేర్లు కొత్తగా వాడకూడదని 2006లో యూరప్‌తో ఒప్పందం కుదిరింది. ఆ ఏడు మార్చి 10కి ముందు నుంచి వాడుతున్న బ్రాండ్లకు మాత్రం వదిలేశారు.

తీగమడి
దాచిపెట్టే వాళ్లకు ఒక హెచ్చరిక రాయండి, రంగు మారిపోయే గొడవ గురించి.

పీపాల_పంతులు
1990ల మధ్య నుంచి బుర్గుండీ తెల్ల వైన్లలో చాలావాటికి తగులుకున్న జబ్బు అది. పదిహేనేళ్లు నిలవాల్సింది ఆరేళ్లకే ముదురు బంగారు రంగుకు తిరిగి, కోసి పెట్టిన యాపిల్, తేనె, అక్రోటు వాసన వేస్తుంది. ఒకే పెట్టెలో ఒక సీసా బాగుంటుంది, పక్కది పోతుంది. అందుకే అనుమానం ముందు కార్కు మీదికే పోయింది. ఒక్క కార్కే కాదు: సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించడం, మడ్డిని అతిగా కలపడం, కాయను మరీ మెల్లగా పిండడం, అన్నీ కలిశాయి. చాలామంది ఇప్పుడు డయామ్ కార్కుకు (కార్కు పొడిని శుద్ధి చేసి అచ్చుపోసినది) మారారు. ఆరు సీసాలు దాచితే నాలుగో ఏట ఒకటి తెరిచి రంగు చూడండి.

అడుగున గాజుపొడిలా మెరిసే స్ఫటికాలు కనిపిస్తే అది టార్టరిక్ లవణం, వైన్ బాగా చల్లబడితే పేరుకుంటుంది. ఏం కాదు, వంచేటప్పుడు అడుగు వదిలేయండి. తడి అట్టపెట్టె వాసన వస్తే మాత్రం కార్కు పాడైంది, గాలికి పెట్టినా పోదు. అగ్గిపుల్ల వాసనైతే జగ్గులో పోసి ఇరవై నిమిషాలు ఉంచండి, పోతుంది.

నల్లరేగడి
హైదరాబాద్, విజయవాడల్లో దాచేవాళ్లు వంటింటి అల్మరాలో పెడితే ఒక్క ఎండాకాలంలో అయిపోతుంది. లోపల ద్రవం ఉబ్బి కార్కును తోస్తుంది, చల్లబడినప్పుడు గాలి లాక్కుంటుంది. కొనేటప్పుడే కార్కు సీసా మూతితో సమంగా ఉందా, రేకు కింద జిగురుగా కారిన మరక ఉందా చూడండి. 12 నుంచి 14 డిగ్రీలు, అడ్డంగా పడుకోబెట్టి. వైన్ చిల్లర్ లేకపోతే దాచొద్దు, కొన్న నెలలోపు తాగేయండి.

ఉప్పుటేరు
ఎంత చల్లగా ఇవ్వాలి? తిండి ఏంటి?

చల్లగదిలో
పెతీ 8 డిగ్రీలు, షాబ్లీ 10, ప్రెమియే క్రూ 11, గ్రాండ్ క్రూ 12 నుంచి 14. ఫ్రిజ్ 4 డిగ్రీలుంటుంది. అంత చల్లగా పోస్తే పులుపు తప్ప ఇంకేం తెలియదు. షాబ్లీని పోయడానికి అరగంట ముందు బయట పెట్టండి, గ్రాండ్ క్రూకి ఇంకాసేపు. మన ఎండాకాలంలో పావుగంట చాలు.

అక్కడ పచ్చి ఆల్చిప్పలు, షావుర్స్ జున్ను, గుజేర్ అనే జున్ను బూరెలు. మన వంటల్లో చందువా వేపుడు, రొయ్యల వేపుడు, కారం సగానికి తగ్గించి, పైన నిమ్మకాయ పిండి. నూనెలో వేగిన దానికి ఆ పులుపు బాగా కుదురుతుంది.

కొండవాలు
పులుసు?

చల్లగదిలో
వద్దు. చింతపండు ముందు ఏ వైన్ అయినా నీళ్లలా అయిపోతుంది, పైగా కారానికి ఆల్కహాలు మంట పెంచుతుంది. చేపల పులుసుకు మజ్జిగ తాగి, సీసా రేపటి వేపుడుకు ఉంచండి. తెరిచినది బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగానే ఉంటుంది. పదునైన ఏడాదిదైతే రెండో రోజే ఎక్కువ బాగుంటుంది.